కట్టిన చెయ్యి, తిప్పని చెయ్యి

పోయినవారం మెకానిక్ మేస్త్రీని కార్ల షెడ్డులో, లాయరమ్మ కారు ముందు, నోరు మూసుకున్న మనిషిగా వదిలేశాం. మర్నాడు ఎదురు టీకొట్టు దగ్గర ఒక్కసారి తప్ప, వారం గడిచినా ఆ నోరు తెరుచుకోలేదు. మామూలు రోజుల్లో ఆ నోటికి మూత బిగించాలంటే వీధిలో ఉన్న బోల్టులన్నీ చాలవు. జోకు తరవాత జోకు, చెణుకు మీద చెణుకు. అలాంటి నోటికి ఇప్పుడు తుప్పు పట్టింది.

తుప్పు కారణం ఒక తప్పు.

ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. కట్టిన చెయ్యి తిప్పకూడదు. ఇంజనుకి టైమింగ్ బెల్టు ఒకరు కడితే, ముందున్న పెద్ద పుల్లీ బోల్టుకి పొడుగు పానా తగిలించి, చేత్తో నిదానంగా రెండు చుట్లు తిప్పేది ఇంకొకరు. లోపల పైకొచ్చే పిస్టనూ కిందికి దిగే వాల్వూ అత్తాకోడళ్ళలా ఒకరికొకరు ఎదురుపడకుండా తప్పుకు తిరుగుతున్నంతసేపూ పానా నూనె రాసినట్టు పోతుంది. బెల్టు పళ్ళు తప్పి ఉంటే ఎక్కడో ఒకచోట టక్కుమని ఆగుతుంది. చేత్తో తిప్పితే ఆగుతుంది. తాళంతో తిప్పితే ఆగదు, విరుగుతుంది. ఈ నియమం పెట్టిన మొనగాడు మేస్త్రీయే. తప్పిన మొనగాడూ మేస్త్రీయే.

ఎందుకు తప్పాడంటే, ఆయన కుడిభుజం బిగుసుకుపోయి రెండు నెలలైంది. చెయ్యి చెయ్యమన్న పని చెయ్యదు. ఈ సంగతి భార్యకి తప్ప మూడో మనిషికి తెలియదు. చొక్కా తొడిగేది ఆవిడ, తల దువ్వేది ఆవిడ. బయట చెబితే తనమీద ఒట్టేనని ఆయన ఒట్టు వేయించుకున్నాడు. చెయ్యి పడిపోయిన మేస్త్రీ దగ్గరికి బండి ఎవడు తెస్తాడన్నది ఆయన భయం. ఆ రోజు లాయరమ్మ కారుకి బెల్టు కట్టింది బావమరిది. “బావా, రెండు చుట్లు నీవి” అనేసి సామాను కోసం బజారుకి వెళ్ళాడు. లాయరమ్మ రోడ్డుమీద ఫోనులో ఉంది. మేస్త్రీ పానా ఎత్తాడు, భుజం ఎత్తలేదు. ఒక్క నిమిషం ఆగి, బావమరిది వచ్చాక “నువ్వే తిప్పరా” అంటే పోయేది. అనడానికి సిగ్గేసింది. తాళం తిప్పాడు. ఇంజను ఒక్క కేక పెట్టి వాల్వులన్నీ వంచుకుంది.

“నేను తిప్పానే! నూనె రాసినట్టు తిరిగింది. వీడే టెన్షనర్ బోల్టు బిగించకుండా వదిలేశాడు” అన్నాడు మేస్త్రీ, బావమరిది తిరిగొచ్చాక, అందరి ముందూ. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే ఆ బోల్టు చూస్తే వదులుగానే ఉంది. బావమరిది షెడ్డుకి రావడం మానేశాడు. అక్క తమ్ముడితో మాట మానేసింది, మొగుడి పరువు తీసినందుకు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. బావమరిది బతుకు ఎవరు కోరాలో ఆ సామెత చెప్పలేదు. కుడిభుజం పోయిన మేస్త్రీకి ఆ దెబ్బతో కుడిభుజం లాంటి మనిషి కూడా పోయాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. పని తెలిసిన తమ్ముడికి భుజం సంగతి తెలియదు. భుజం సంగతి తెలిసిన అక్కకి పని తెలియదు. ఇద్దరికీ మధ్య మాటల్లేవు. ఆ మాటల్లేని సందులోనే మేస్త్రీ పరువు ఇన్నాళ్ళూ తలదాచుకుంది.

ఇవాళ మధ్యాహ్నం ఆ సందు కాస్తా మూసుకుపోయింది.

*

ఇంజను హెడ్డు లేతు షాపు నుంచి కొత్త వాల్వులతో వచ్చింది. మేస్త్రీ ఎడం చేత్తో, పళ్ళ మధ్య నట్లు పట్టుకుని, ఎవరూ లేని వేళ చూసి బిగించుకున్నాడు. బెల్టు కూడా తనే కట్టాడు. చివరి బోల్టు బిగించి చెమట తుడుచుకుంటున్నాడో లేదో, లాయరమ్మ దిగింది. జుట్టు తెల్లగా, మాట నల్లకోటంత నల్లగా ఉంటాయి ఆవిడకి.

“ఏమయ్యా మేస్త్రీ, నా కారుకి ఇంకా వాయిదాలేనా? నా కోర్టే నయం. ఎప్పటికో ఒకప్పటికి తీర్పొస్తుంది.”

“ఇవాళే తీర్పమ్మా. బెల్టు కట్టేశా. తాళమొకటే తరువాయి.”

“ఆగాగు. తాళమేమిటి? రెండు చుట్లు ఏవీ? ఇన్నేళ్ళుగా నా చెవుల తుప్పు వదలగొట్టి మరీ చెప్పావు కదా, తిప్పనిదే తాళం ముట్టుకోకూడదని. పోయినసారి ఫోనులో ఉండి చూళ్ళేదు. ఈసారి నా కళ్ళముందు తిరగాలి. ప్రత్యక్ష సాక్షిని నేనే.”

మేస్త్రీకి తన నియమమే తనని కాపాడుతుందనిపించింది. “కట్టింది నేనేనమ్మా. కట్టిన చెయ్యి తిప్పకూడదు కదా. రేపెవరినైనా పిలిపించి…”

“రేపెందుకు? అదుగో, దేవుడు పంపినట్టు వచ్చాడు మీవాడు.”

మేస్త్రీ తల తిప్పాడు. గుమ్మంలో బావమరిది. చేతిలో ఖాళీ సంచి. మొహం కూడా అలాగే ఉంది.

“నా పని బట్టలు రెండు జతలుండాలి బావా, పట్టుకుపోదామని” అన్నాడు, షెడ్డులో అడుగు పెట్టాలా వద్దా అన్నట్టు ఒక కాలు బయటే ఉంచి. “గోడౌన్ గేటు దగ్గర కాపలా పని దొరికింది. రేపట్నుంచి వెళ్ళాలి.”

మింగుడుపడనిదాన్ని జోకుతో దించడం మేస్త్రీకి చిన్నప్పటి అలవాటు. “అయితే టైమింగ్ బెల్టు వదిలేసి వాచ్ పట్టుకుంటున్నావన్నమాట. వాచ్‌మన్‌వి!”

లాయరమ్మ నవ్వలేదు. బావమరిది నవ్వాడు. ఇన్నేళ్ళ అలవాటు, బావ జోకేస్తే నవ్వాలి. ఆ నవ్వు మేస్త్రీకి మేకులా దిగింది.

“బట్టలు తరవాత సర్దుకుందువు గాని, వచ్చి ఈ ఇంజను రెండు చుట్లు తిప్పు” అంది లాయరమ్మ.

“నేను తిప్పనండీ.”

“అలిగావా?”

“అలగడానికి నేనేమన్నా కొత్తల్లుణ్ణా? అలక కాదండీ.” వాడు తన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు, బడిలో దెబ్బ తప్పించుకునే పిల్లాడిలా. “నా చేతిమీద నాకు నమ్మకం పోయింది. ఇంట్లో కుళాయి కట్టేసి వస్తే మళ్ళీ వెనక్కెళ్ళి చూసుకుంటున్నా. తలుపు గొళ్ళెం పెట్టి, పడుకున్నాక మళ్ళీ లేస్తున్నా. ఆ బోల్టు బిగించినట్టే గుర్తండీ నాకు. చేతికి గుర్తుంది. కానీ నా కళ్ళతో నేనే చూశాగా, వదులుగా ఉంది. బిగించిందీ లేనిదీ తెలియని చెయ్యి ఇంకొకళ్ళ బండిమీద వెయ్యకూడదు. మీ బండికైతే వాల్వులతో పోయింది. బ్రేకు బోల్టయితే?”

“ఒక్క పొరపాటుకి చేతిలో ఉన్న విద్య వదిలేసుకుంటావా?”

“ఆ పొరపాటుని నేను వదిలేద్దామనుకున్నా జనం వదిలేలా లేరండీ. పేరు కూడా పెట్టేశారు. ఎదురు టీకొట్టు దగ్గర మెకానిక్కులందరూ నన్ను ‘లూజుబోల్టు’ అంటున్నారు. ఇద్దరు ముగ్గురు మేస్త్రీల్ని పని అడిగా. ముందు నవ్వుతారు, తరవాత లేదంటారు.”

మేస్త్రీ పుల్లీ వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ పేరు పెట్టిన మహాకవి ఆయనే. కారు పాడైన మర్నాడు, భుజం సంగతి ఎవరైనా పసిగడతారేమోనన్న కంగారులో టీకొట్టు దగ్గర ఏదో ఒకటి మాట్లాడాలి గనక “మావాడి బోల్టు లూజుగా ఉందనుకున్నా, లూజుగా ఉంది మావాడేనోయ్” అన్నాడు. బెంచీలు ఊగిపోయేలా నవ్వారు. నవ్వించి బతికిపోయాననుకున్నాడు. ఎవణ్ణి చంపి బతికాడో ఇప్పుడు తెలుస్తోంది.

“సరే, అతను తిప్పడు. నువ్వే తిప్పు” అంది లాయరమ్మ. “నియమం నీదైతే మినహాయింపు నాది. కారు నాది కదా.”

తప్పదు. మేస్త్రీ పానా అందుకుని పుల్లీ బోల్టుకి తగిలించాడు.

“ఎడం చేత్తోనా బావా?”

“ఏ చెయ్యయితే ఏంట్రా? ఇంజనుకి శకునాల పట్టింపేం లేదులే.”

“ప్లగ్గులు ఊడదియ్యలేదు. లోపల గాలి బిగువుంటుంది. కుడిచేత్తో, భుజం బలమంతా పెడితేగాని కదలదు. నీకు నేను చెప్పాలా?”

చెప్పక్కర్లేదు. ఆ పాఠం వాడికి నేర్పిందే ఈయన. మేస్త్రీ పళ్ళు బిగించి నొక్కాడు. పానా కాస్త కదిలినట్టే కదిలి, బిగువు తగలగానే ఎదురు తన్నింది. ఆ కుదుపుకి కుడిభుజంలో మెరుపు కొట్టింది. నోట్లోంచి “అమ్మా” అని ఊడిపడింది. పానా వదిలేసిన ఎడంచెయ్యి దానంతటదే వెళ్ళి కుడిభుజం పట్టుకుంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. గుమ్మడికాయల ఊసే ఎవరూ ఎత్తకుండా తడుముకున్న దొంగ మాత్రం ఈయనొక్కడే.

సరిగ్గా అప్పుడే భార్య క్యారియరు పట్టుకుని లోపలికి వచ్చింది.

“అయ్యో అయ్యో! ఆ భుజంతో మీకెందుకండీ ఈ తిప్పలు! పొద్దున చొక్కా తొడుగుతుంటేనే ఇల్లెగిరిపోయేలా మూలిగారు!”

“నువ్వు ఊరుకోవే…”

“ఏ భుజం అక్కా?” అన్నాడు బావమరిది.

ఆవిడ తమ్ముణ్ణి అప్పుడే చూసింది. చూసి మూతి తిప్పుకుంది. “అమ్మా, వాడితో నాకు మాటల్లేవని వాడికి చెప్పండి” అంది లాయరమ్మతో.

“నాకు ఇరుపక్షాల మధ్య నిలబడడం కొత్తేం కాదులే. ఏ భుజమని అడుగుతున్నాడు.”

“కుడిదని చెప్పండి. రెండు నెలలుగా పైకి లేవడంలేదని చెప్పండి. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు కూడా వేయించుకున్నారని…” చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, చెప్పేశాను!”

బావమరిది రెండో కాలు కూడా లోపల పెట్టాడు.

“రెండు నెలలా? అక్కా, ఈ కారు పాడైన రోజు… ఆ రోజు లేచిందా చెయ్యి?”

మాటల్లేవన్న సంగతి ఆవిడ మర్చిపోయింది. “ఎక్కడ లేచిందిరా? ఆ వేళ తల కూడా నేనే దువ్వి పంపా.”

సాక్షుల నోటివెంట నిజాలు లాగడంలో జీవితం గడిపిన లాయరమ్మ, ఎవరూ లాగకుండా ఊడిపడ్డ నిజాన్ని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకోసాగింది.

“అయితే ఆ రోజు నువ్వు తిప్పలేదు బావా.”

మేస్త్రీ అన్ని జోకులూ వెతికాడు. ఒక్కటీ చేతికి దొరకలేదు.

“లేదురా” అన్నాడు.

“తిప్పకపోతే ఏమవుతుంది?” భార్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“బెల్టు పళ్ళు తప్పినా తెలియదక్కా. తిప్పి ఉంటే ఇంజనే చెప్పేది, ఆగు, ఎక్కడో తేడా ఉందని. కట్టేటప్పుడు తప్పడం ఎవరికైనా జరుగుతుంది. అందుకేగా ఇంకొకరు తిప్పడం.”

ఆవిడ క్యారియరు నేలమీద పెట్టి నూనె డ్రమ్ముమీద కూలబడింది. “నేను తలుపేశాన్రా నీ మొహాన” అంది మెల్లగా. “అక్కా అని పిలుస్తుంటే లోపల నిలబడి విన్నాను.”

తమ్ముడు నేరుగా బావ దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు మేస్త్రీ. కొడితే బాగుండుననుకున్నాడు. వాడు కిందపడ్డ పానా తీసి గుడ్డతో తుడిచాడు.

“పిచ్చి బావా! చెబితే వచ్చి నేను తిప్పేవాణ్ణి కదా. నీ చెయ్యి లేవకపోతే నా చెయ్యి లేదా?”

మేస్త్రీ తల ఇంకాస్త కిందికి దిగింది. తిట్టే నోటికి ఎదురు చెప్పొచ్చు, ఓదార్చే చేతికి ఏం చెప్పాలి?

బావమరిది ప్లగ్గులు ఊడదీశాడు. పానా తగిలించాడు. ఒక్క క్షణం తన చేతివంక అనుమానంగా చూసుకుని, తిప్పాడు. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు సగంలో టక్కుమంది. చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది.

“పళ్ళు తప్పాయి. ఒంటిచేత్తో కట్టావుగా.” వాడి మొహంలో చాలారోజుల తరవాత చిన్న వెలుగు. “చూశావా ఎంత మర్యాదగా చెప్పిందో! ఏం ఫర్లేదు, మళ్ళీ కడదాం.”

‘కడదాం’ అన్న ఆ మాట విని అక్క కళ్ళు తుడుచుకుంది. లాయరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది.

“అయినా బావా, తప్పంతా నీ ఒక్కడిదే అంటే నేనొప్పుకోను” అన్నాడు బావమరిది, పానా వెనక్కి తిప్పుతూ. “నువ్వు తిప్పలేదు, నిజమే. బోల్టు వదిలేసింది మాత్రం నేనేగా. నువ్వు తిప్పి ఉంటే ముందే దొరికేవాణ్ణి, అంతే తేడా. ఈ కారు పూర్తిచేసిచ్చి గేటు దగ్గరికి వెళ్ళిపోతా. బోల్టు బిగించని చెయ్యి ఈ పనికి పనికిరాదు.”

“పోనీలేరా” అంది అక్క. “ఆయనది కొంత, నీది కొంత. ఇంతటితో సరి.”

“రాజీ అన్నమాట” అంది లాయరమ్మ.

రాజీ కుదిరిపోయింది. ముగ్గురూ మేస్త్రీ వైపు చూశారు. ఆయన చెయ్యాల్సిందల్లా తల ఊపడం. భుజం లేవదు గాని తల ఊగుతుంది. ఊపితే సగం సిగ్గుతో బయటపడతాడు. సగం సిగ్గుతో ఎంతోమంది దర్జాగా బతుకుతున్నారు. ముసలాడు, చెయ్యి పడిపోయింది, పాపం చెప్పుకోలేకపోయాడు అని జాలిపడతారు. పైగా భోజనం కూడా వచ్చి ఉంది.

కానీ మిగిలిన సగం ఒకటుంది. అది ఆయన ఇంతవరకూ తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఆ రోజు ఇంజను కేక ఆగాక, రోడ్డుమీది లాయరమ్మ ఫోను పెట్టేసి లోపలికి వచ్చేలోగా, ఆయన వంగి ఆ టెన్షనర్ బోల్టు చూశాడు. బిగించే ఉంది. బావమరిది ఎప్పుడూ బిగించినట్టే, రాయిలా ఉంది. తప్పింది కట్టేటప్పుడు బెల్టు పళ్ళే, రెండు చుట్లు తిప్పి ఉంటే దొరికిపోయేవి. అన్నం కలపడానికి రాని, చొక్కా గుండీ పెట్టడానికి రాని ఎడంచెయ్యి, ఆ క్షణాన మాత్రం ఎవరూ నేర్పకుండానే చిన్న పానా అందుకుని, బోల్టుని ఒడుపుగా వదులు చేసి, పానాని దాని చోట పెట్టేసింది. ఆ తరవాతే ఆయన “చూడండమ్మా వీడి నిర్వాకం” అని అరిచాడు.

బావమరిది సంచి దులిపి, గోడకి వేలాడుతున్న తన బట్టలవైపు నడిచాడు.

“నువ్వు బిగించావురా” అన్నాడు మేస్త్రీ.

“ఏంటి బావా?”

“బోల్టు. నువ్వు బిగించే వెళ్ళావు. తరవాత నేనే వదులు చేశా.” ఎడంచెయ్యి కాస్త ముందుకి చాపి, అది వేరెవరిదో అన్నట్టు చూశాడు. “దీంతో.”

భార్య “ఏమండీ!” అంది.

బావమరిది తన కుడిచెయ్యి ముందుకి తెచ్చుకున్నాడు. వేళ్ళు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. “అయితే నా చేతికి సరిగ్గానే గుర్తుంది” అన్నాడు, తనలో తను. మొహం ముందు వెలిగింది. జ్వరం దిగినవాడి మొహంలా తేటపడింది. తరవాత తలెత్తి బావని చూశాడు. వెలుగు మండడం మొదలుపెట్టింది.

అరవలేదు. సంచి అక్కడే వదిలేసి, గుమ్మం దాటి రోడ్డుమీద నిలబడి, ఎదురుగా టీకొట్టు బెంచీలమీద కూర్చున్న మెకానిక్కుల్ని చెయ్యెత్తి పిలిచాడు.

“అందరూ ఒకసారి ఇలా రండి! మా బావ మీకొక మాట చెప్తాడు!”

“ఒరేయ్, వద్దురా” అక్క వెనకాలే పరిగెత్తి చొక్కా పట్టుకుంది. “ఏదున్నా ఇంట్లో చూసుకుందాం. ఇన్నేళ్ళ పరువురా ఆయనది!”

“నాకు పేరు పెట్టింది ఇంట్లో కాదక్కా.”

లాయరమ్మ సంచీ భుజాన వేసుకుంది. “నేను వెళ్ళనా మేస్త్రీ?”

“ఉండండమ్మా” అన్నాడు మేస్త్రీ.

మెకానిక్కులు గ్లాసులు చేత పట్టుకునే వచ్చేశారు. మేస్త్రీ మాట చెప్తాడంటే ఇంక చూడాలా! పాత టైర్లమీద కొందరు, జాకీలమీద కొందరు సర్దుకుని కూర్చున్నారు. చోటు దొరకనివాళ్ళు గుమ్మానికి ఆనుకున్నారు.

“ఏం మేస్త్రీ, కొత్త సరుకు దింపావా? లూజుబోల్టు జోకే మాకింకా అరగలేదు!” అన్నాడొకడు. పక్కవాడు బావమరిదిని చూసి, నవ్వు ఆపుకోలేక టీ గ్లాసులో మొహం దాచుకున్నాడు. బావమరిది కదల్లేదు. చేతులు కట్టుకుని బావ నోటివైపే చూస్తూ నిలబడ్డాడు.

“కానీ మేస్త్రీ, కానీ! కడుపులు చెక్కలు చెయ్యి!”

మేస్త్రీ గొంతు సవరించుకుని నోరు తెరిచాడు.

ఇంకా ఒక్క మాటైనా బయటికి రాలేదు. వెనక వరసలో ఎవడో అప్పుడే నవ్వేశాడు.